అమెరికా నుంచి తిరిగివచ్చే విశ్రాంత తెలుగువారికి ఓసీఐ, ఆర్‌ఎన్‌ఓఆర్, రెండు దేశాల పన్నులు: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో దశాబ్దాల పాటు ఉద్యోగం చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, విశ్రాంత జీవితాన్ని హైదరాబాదులోనో విజయవాడలోనో విశాఖలోనో గడపాలనుకునే తెలుగువారి పరిస్థితి కొంత విచిత్రమైనది. పుట్టిన ఊరికే వస్తున్నా భారత చట్టం దృష్టిలో వారు ఇక్కడ దీర్ఘకాలం నివసించే విదేశీయులు. ఊరు మారినా అమెరికా పన్నుల శాఖ దృష్టిలో మాత్రం వారు ఎప్పటిలాగే అమెరికా పన్ను చెల్లింపుదారులు. మొదటి చిక్కు భారతీయ మూలం గల విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుతో దాదాపు తీరిపోతుంది. రెండోది ఏటా ఉండేదే. చాలామంది వీసా గురించి నెలల తరబడి ఆలోచించి, పన్నుల సంగతి వచ్చాక చూసుకోవచ్చునని వదిలేస్తారు. నిజానికి ఎక్కువ డబ్బును నిర్ణయించేవి రెండే విషయాలు: ఏ నెలలో తిరిగి వస్తున్నారు, వచ్చిన తొలి రెండు మూడేళ్లలో ఏ ఆస్తిని అమ్ముతున్నారు లేదా ఏ ఖాతా నుంచి డబ్బు తీస్తున్నారు. ఈ మార్గదర్శి ఆ క్రమంలోనే సాగుతుంది. ఇది ప్రధానంగా అమెరికా పౌరుల కోసం రాసినది. గ్రీన్ కార్డుతో ఉన్నవారి సంగతి చివరి భాగంలో విడిగా ఉంది.

సెక్షన్ల సంఖ్యల విషయంలో ఒక మాట ముందే చెప్పాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వస్తుంది. దానితో సెక్షన్లు, ఫారాల సంఖ్యలు చాలావరకు మారతాయి కానీ, నివాస స్థితిని తేల్చే సూత్రం మారదు. అందరికీ అలవాటైన పాత సంఖ్యలనే ఇక్కడ వాడాను. దాఖలు చేసేటప్పుడు కొత్త సంఖ్యలు సరిచూసుకోవాలి.

మొదటి అడుగు: ఓసీఐ

భారత రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది, పాత భారత పాస్‌పోర్టును ఆ తర్వాత వాడడం నేరమవుతుంది. కాబట్టి ఓసీఐ కంటే ముందు ఆ పాస్‌పోర్టును అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దానితో పాటు అమెరికా పాస్‌పోర్టు, అక్కడి పౌరసత్వ ధ్రువపత్రం, భారతీయ మూలాన్ని చూపే ఆధారం, చిరునామా రుజువు జత చేస్తే దరఖాస్తు పూర్తవుతుంది.

తెలుగువారికి ఆలస్యం జరిగేది ఎక్కువగా పేరు దగ్గర. పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం, అమెరికా పత్రాల్లో ఇంటిపేరు చివర, పెళ్లయ్యాక మహిళల పత్రాల్లో భర్త ఇంటిపేరు: ఇలా ఒకే మనిషి నాలుగు రకాలుగా కనిపించడం మనకు మామూలే కానీ, దరఖాస్తును పరిశీలించే అధికారికి అది సందేహం. ప్రస్తుత అమెరికా పాస్‌పోర్టులో ఉన్న పేరునే దరఖాస్తులో రాసి, తేడా ఉన్న ప్రతి పత్రానికీ పేరు మార్పు ఉత్తర్వు, వివాహ ధ్రువపత్రం, ఒకే వ్యక్తి అని తెలిపే అఫిడవిట్ వంటి ఆధారాన్ని ముందే సిద్ధం చేసుకుంటే దరఖాస్తు వెనక్కి రాదు.

ఓసీఐ ఉన్నవారికి జీవితాంతం ఎన్నిసార్లైనా వచ్చిపోయే వీసా హక్కు ఉంటుంది. ఎంతకాలం ఉన్నా ఎఫ్‌ఆర్‌ఆర్‌వోలో (విదేశీయుల నమోదు కార్యాలయంలో) నమోదు చేసుకోనక్కరలేదు. అయితే 2021 మార్చి నాటి నోటిఫికేషన్ ప్రకారం శాశ్వత చిరునామా గాని వృత్తి గాని మారితే ఆ కార్యాలయానికి ఈమెయిల్ ద్వారా తెలియజేయాలి. కార్డు పుస్తకం విషయంలో పాత గందరగోళం ఇప్పుడు లేదు. 50 ఏళ్లు దాటిన తర్వాత కొత్త పాస్‌పోర్టు తీసుకున్నవారు ఒక్కసారి ఆ పాస్‌పోర్టు ప్రతినీ కొత్త ఫోటోనూ మూడు నెలల్లోగా ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే చాలు, కార్డును మళ్లీ ముద్రించుకోనక్కరలేదు.

పరిమితుల్లో విశ్రాంత జీవితానికి నిజంగా తగిలేది భూమి విషయం. ఓసీఐ ఉన్నవారు ఇల్లు, ఫ్లాటు, వాణిజ్య స్థలం కొనవచ్చు కానీ వ్యవసాయ భూమి, ఫామ్ హౌస్, తోటలు కొనకూడదు. హైదరాబాదు చుట్టూ షాద్‌నగర్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు గుంటల లెక్కన అమ్మే ‘ఫామ్ ప్లాట్లు’ చాలావరకు రికార్డుల్లో వ్యవసాయ భూములే. పట్టాదారు పాస్‌పుస్తకం ఇస్తామని చెబుతున్నారంటే అది మీరు కొనదగినది కాదన్న సంకేతంగానే తీసుకోవాలి. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చే పొలానికి ఈ నిషేధం వర్తించదు.

భార్య గాని భర్త గాని భారతీయ మూలం లేనివారైతే, వివాహం రిజిస్టరై కనీసం రెండేళ్లు కొనసాగిన తర్వాత వారూ ఓసీఐకి అర్హులవుతారు. ఆలోగా వారికి ఎంట్రీ వీసా మార్గం ఉంది. 180 రోజులు మించిన వీసాతో వచ్చినవారు చేరిన 14 రోజుల్లోగా ఎఫ్‌ఆర్‌ఆర్‌వోలో ఆన్‌లైన్ ద్వారా నమోదు కావాలి. అమెరికన్లకు ఇచ్చే పదేళ్ల టూరిస్టు వీసా నివాసానికి పనికిరాదు, దాని మీద ఒక విడతకు 180 రోజులకు మించి ఉండనివ్వరు. తాను గాని తల్లిదండ్రులు, తాతముత్తాతలు గాని పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఓసీఐ దొరకదు.

రెండో అడుగు: తిరిగివచ్చే తేదీ

భారత పన్ను చట్టానికి మీ పౌరసత్వంతో పని లేదు, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు మీరు దేశంలో గడిపిన రోజులతోనే పని. ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకు మించి ఉంటే రెసిడెంట్. 60 రోజులు ఉండి, అంతకు ముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఉన్నా రెసిడెంటే. సెలవులకు వచ్చిపోయే భారతీయ మూలం గలవారికి ఈ 60 రోజుల గడువు 182కు పెరుగుతుంది, భారతదేశంలోని ఆదాయం 15 లక్షలు దాటితే మాత్రం 120 రోజులే. ఈ సడలింపు సందర్శనకు వచ్చేవారి కోసం ఉద్దేశించినది కాబట్టి, మూటాముల్లె సర్దుకుని స్థిరపడడానికి వచ్చిన సంవత్సరంలో దాని మీద ఆధారపడడం క్షేమం కాదు. గత నాలుగేళ్ల పాస్‌పోర్టు ముద్రలు చూసి 365 లెక్క మీకు వర్తిస్తుందో లేదో తేల్చుకోవడం ముఖ్యం. ఏటా నెలా నెలన్నర వచ్చిపోయేవారికి అది వర్తించదు. జబ్బుపడ్డ తల్లిదండ్రుల కోసం నెలల తరబడి వచ్చి ఉన్నవారికి వర్తించవచ్చు. వచ్చిన రోజునూ వెళ్లిన రోజునూ కూడా భారతదేశంలో ఉన్నట్టే లెక్క వేసుకోవడం జాగ్రత్త.

రెసిడెంట్ అయిన వెంటనే ప్రపంచంలోని ఆదాయమంతటికీ ఇక్కడ పన్ను పడదు. మధ్యలో ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్, అంటే రెసిడెంటే కానీ ఇంకా పూర్తి రెసిడెంట్ కాదు) అనే స్థితి ఉంది. అంతకు ముందరి పది ఆర్థిక సంవత్సరాల్లో తొమ్మిదింటిలో నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, లేదా అంతకు ముందరి ఏడేళ్లలో మొత్తం 729 రోజులకు మించి ఇక్కడ ఉండకపోయినా ఈ స్థితి దక్కుతుంది. ఈ కాలంలో విదేశంలో పుట్టి, మొదట విదేశంలోనే చేతికందిన ఆదాయానికి భారతదేశంలో పన్ను లేదు. అలా అక్కడి ఖాతాలో జమ అయిన డబ్బును తర్వాత ఇక్కడికి పంపించుకున్నా అది కొత్తగా ఆదాయం కాదు. మినహాయింపు ఇక్కడి నుంచి నడిపించే వ్యాపారానికి మాత్రం వర్తించదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముప్పై ఏళ్లుగా అమెరికాలో ఉన్న దంపతులు 2026 నవంబరు మొదట్లో వచ్చి స్థిరపడ్డారు. మార్చి 31 నాటికి వారికి సుమారు 150 రోజులే అవుతాయి, పాత నాలుగేళ్ల లెక్క 365కు చేరలేదు కాబట్టి 2026-27లో వారు ఇంకా నాన్ రెసిడెంట్లే. 2027-28, 2028-29 రెండింటిలో ఆర్‌ఎన్‌ఓఆర్. 2029-30 వచ్చేసరికి వెనకటి పదేళ్లలో నాన్ రెసిడెంట్ సంవత్సరాలు ఎనిమిదికి తగ్గుతాయి, 729 రోజుల లెక్క కూడా దాటిపోతుంది కనుక పూర్తి రెసిడెంట్లు అవుతారు. వారే 2026 ఏప్రిల్‌లో వచ్చి ఉంటే 2026-27 నుంచే లెక్క మొదలై, 2028-29కే పూర్తి రెసిడెంట్లు అయ్యేవారు. అక్టోబరు 2 తర్వాత విమానం ఎక్కడం వల్ల ఒక ఆర్థిక సంవత్సరమంతా కలిసి వచ్చిందన్నమాట. మధ్యలో మనవల దగ్గరికి వెళ్లి ఏటా నాలుగైదు నెలలు గడిపేవారికి 729 రోజుల పరీక్ష పుణ్యమా అని ఆర్‌ఎన్‌ఓఆర్ ఇంకో ఏడాది సాగవచ్చు. అందుకే రాకపోకల తేదీలన్నీ ఒక పట్టికలో రాసుకోవాలి.

మూడో అడుగు: ఆర్‌ఎన్‌ఓఆర్ కాలాన్ని వాడుకోవడం

ఈ రెండు మూడేళ్లు భారత పన్ను లేకుండా ఒక్క అమెరికా పన్నుతోనే ఆస్తుల్ని సర్దుకునే అవకాశం. దీన్ని చేజార్చుకుంటే మళ్లీ రాదు.

మొదటగా చూడవలసింది అమెరికాలోని ఇల్లు. అక్కడి చట్టం ప్రకారం అమ్మకానికి ముందరి ఐదేళ్లలో రెండేళ్లు సొంతంగా నివసించి ఉంటే దంపతులకు 5 లక్షల డాలర్ల వరకు, ఒంటరివారికి 2.5 లక్షల డాలర్ల వరకు లాభానికి పన్ను మినహాయింపు ఉంది. అంటే ఇల్లు వదిలాక దాదాపు మూడేళ్ల లోపు అమ్మితేనే ఆ మినహాయింపు దక్కుతుంది. భారత చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. పూర్తి రెసిడెంట్ అయ్యాక అమ్మితే అదే లాభం మీద ఇక్కడ మూలధన లాభాల పన్ను పడుతుంది, అమెరికాలో పన్ను కట్టలేదు కాబట్టి జమ చేసుకోవడానికి అక్కడి పన్ను కూడా ఉండదు. ‘అద్దెకిచ్చి చూద్దాం, నచ్చకపోతే వెనక్కి వెళ్దాం’ అనుకునేవారు తమకు రెండు గడువులు ఉన్నాయని, ఏది ముందు ముగిస్తే అదే అసలు గడువని గుర్తుంచుకోవాలి.

రెండోది రోత్ ఖాతా, అంటే పన్ను కట్టిన డబ్బుతో పొదుపు చేసే పదవీ విరమణ ఖాతా. అమెరికాలో రోత్ ఐఆర్‌ఏ నుంచి నిబంధనల ప్రకారం తీసే డబ్బుకు పన్ను లేదు. భారత చట్టం మాత్రం దాన్ని ప్రత్యేకంగా మినహాయించలేదు. తీసినప్పుడు పన్ను పడే సంప్రదాయ ఖాతాను రోత్‌గా మార్చుకోవాలన్నా, రోత్ నుంచి పెద్ద మొత్తం తీయాలన్నా ఆర్‌ఎన్‌ఓఆర్ కాలమే అనువైనది. 59½ ఏళ్లు దాటినవారికి 401(కె), ఐఆర్‌ఏ అనే పదవీ విరమణ ఖాతాల నుంచి తీసే మొత్తానికి 10 శాతం జరిమానా ఉండదు కాబట్టి, అమెరికా శ్లాబులు చూసుకుంటూ ఏటా కొంత చొప్పున తీయడం చాలామందికి లాభసాటి. 1951 నుంచి 1959 మధ్య పుట్టినవారు 73వ ఏట నుంచి, 1960లో గాని ఆ తర్వాత గాని పుట్టినవారు 75వ ఏట నుంచి తప్పనిసరిగా కొంత తీయవలసి ఉంటుంది. ఆ వయసులో ఇక్కడ పూర్తి రెసిడెంట్‌గా ఉంటారు కనుక, ముందే ఖాతా పరిమాణం తగ్గించుకోవడంలో అర్థం ఉంది.

మూడోది షేర్లు. ఎన్నో ఏళ్లుగా పెరిగిన కంపెనీ షేర్లను ఈ కాలంలో అమ్మి వెంటనే తిరిగి కొంటే, అమెరికాలో ఆ లాభానికి పన్ను కట్టినా, కొనుగోలు ధర పైకి మారుతుంది. తర్వాత పూర్తి రెసిడెంట్‌గా అమ్మినప్పుడు భారతదేశంలో 12.5 శాతం పన్ను ఆ కొత్త ధర పైన వచ్చిన లాభానికే పడుతుంది. అమెరికాలో సున్నా శాతం శ్లాబులో పట్టేంత లాభమే ఉన్నవారు ఈ పని తప్పక చేయదగినది.

నాలుగో అడుగు: బ్యాంకు ఖాతాలు

ఇక్కడ చాలామంది రెండు చట్టాలను కలిపేస్తారు. ఆదాయపు పన్నుకు రోజుల లెక్క, విదేశీ మారక చట్టమైన ఫెమాకు ఉద్దేశం. స్థిరపడడానికి వచ్చిన రోజు నుంచే ఫెమా దృష్టిలో మీరు రెసిడెంట్, పన్ను దృష్టిలో మరో ఏడాది నాన్ రెసిడెంట్‌గా ఉన్నా సరే. కాబట్టి వచ్చిన వెంటనే బ్యాంకుకు చెప్పి ఎన్‌ఆర్‌ఐల కోసం ఉన్న ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలను రెసిడెంట్ ఖాతాలుగా మార్పించాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఉన్న పన్ను మినహాయింపు మీరు ఫెమా దృష్టిలో రెసిడెంట్ కావడంతోనే ముగుస్తుంది. డాలర్లలోనే ఉంచుకోవాలనుకునేవారు ఆర్‌ఎఫ్‌సీ (రెసిడెంట్ల విదేశీ కరెన్సీ) ఖాతా తెరవవచ్చు. ఎన్‌ఆర్‌ఐగా విదేశీ కరెన్సీలో వేసుకున్న ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లు గడువు తీరేదాకా అలాగే సాగించవచ్చు, ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉన్నన్నాళ్లు వాటి వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. అమెరికాలోని ఇల్లు, షేర్లు, ఖాతాలు అక్కడ ఉన్నప్పుడు సంపాదించినవి కాబట్టి వాటిని అక్కడే ఉంచుకునే హక్కును ఫెమా ఆరో సెక్షన్ ఇస్తుంది, వెనక్కి తెచ్చుకోవాలన్న బలవంతం లేదు.

ఏడాది కాలంలో 182 రోజులు ఉన్నాక ఓసీఐ ఉన్నవారు ఆధార్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పాన్ కార్డు మాత్రం రాకముందే ఉండాలి.

ఐదో అడుగు: అమెరికాకు ఏటా చెప్పవలసిన లెక్కలు

అమెరికా పౌరులు ఎక్కడ నివసించినా ప్రపంచంలోని ఆదాయమంతా ఫారం 1040లో చూపాలి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల వడ్డీకి ఇక్కడ పన్ను లేదు కనుక అక్కడా చెప్పనక్కరలేదన్న నమ్మకం మనవాళ్లలో ఎంతగా పాతుకుపోయిందో చెప్పలేం. అది పూర్తిగా తప్పు. పీపీఎఫ్ వడ్డీ అయినా, హైదరాబాదు ఫ్లాటు అద్దె అయినా అంతే. విదేశాల్లో ఉండేవారికి దాఖలు గడువు ఏప్రిల్ 15 నుంచి జూన్ 15కు దానంతటదే పొడిగుతుంది, కోరితే అక్టోబరు 15 దాకా. బాకీ పన్నుకు వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే మొదలవుతుంది. విదేశాల్లో సంపాదించిన జీతానికి ఇచ్చే మినహాయింపు పింఛనుకు, వడ్డీకి, అద్దెకు వర్తించదు. విశ్రాంత జీవితంలో ఉన్నవారికి ఆధారం ఇక్కడ కట్టిన పన్నును అక్కడ జమ చేసుకునే ఫారం 1116.

రిటర్నుతో పాటు సమాచార పత్రాలు ఉంటాయి, జరిమానాలు ఎక్కువగా వీటి దగ్గరే. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా అమెరికా వెలుపలి ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. ఇది పన్ను రిటర్నుతో కాకుండా ఆర్థిక నేరాల నిఘా సంస్థ ఫిన్‌సెన్ పోర్టల్‌లో విడిగా వెళుతుంది. తమ్ముడితో కలిసి ఉన్న ఉమ్మడి ఖాతా, అమ్మ ఖాతాలో సంతకాధికారం, మూలన పడిన పాత సేవింగ్స్ ఖాతా కూడా లెక్కలోకి వస్తాయి. ఉద్దేశపూర్వకం కాని తప్పుకు జరిమానా ఖాతాకు ఒకటి చొప్పున కాదని, దాఖలు చేయని నివేదికకు ఒకటి చొప్పుననే అని అమెరికా సుప్రీంకోర్టు 2023లో బిట్నర్ కేసులో తేల్చింది. అది కొంత ఊరట. విదేశాల్లో నివసిస్తూ ఉమ్మడిగా రిటర్ను వేసే దంపతుల ఆస్తులు ఏడాది చివర 4 లక్షల డాలర్లు లేదా ఎప్పుడైనా 6 లక్షల డాలర్లు దాటితే ఫారం 8938 కూడా జత చేయాలి. విడిగా వేసేవారికి ఇవి 2 లక్షలు, 3 లక్షలు. భారతదేశంలోని తల్లిదండ్రుల నుంచి గాని బంధువుల నుంచి గాని ఏడాదిలో లక్ష డాలర్లకు మించి బహుమతో వారసత్వమో అందితే, పన్ను లేకపోయినా ఫారం 3520 వేయాలి. ఊళ్లో ఇల్లు పంచుకున్నప్పుడు ఈ పత్రం ఎవరికీ గుర్తుండదు.

మ్యూచువల్ ఫండ్ల మాట గట్టిగానే చెప్పాలి. భారతీయ మ్యూచువల్ ఫండ్లను అమెరికా పన్ను చట్టం పీఎఫ్‌ఐసీలుగా (పాసివ్ విదేశీ పెట్టుబడి కంపెనీలుగా) చూస్తుంది. ప్రత్యేక ఎంపిక చేసుకోకపోతే, అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని పట్టుకున్న ఏళ్లన్నిటికీ పంచి, అత్యధిక శ్లాబులో పన్ను వేసి, పైన వడ్డీ కూడా విధిస్తుంది. ప్రతి ఫండుకూ ఫారం 8621 విడిగా నింపాలి. దీనికి నిపుణులు తీసుకునే రుసుమే ఒక్కోసారి లాభాన్ని మించిపోతుంది. ఇక్కడి బ్యాంకు మేనేజరు ఆప్యాయంగా సూచించే సిప్‌లను, యూలిప్‌లను మర్యాదగా వద్దని చెప్పి, ఇక్కడ ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అక్కడ అమెరికా ఫండ్లు ఉంచుకోవడం అమెరికా పౌరులకు సరళమైన మార్గం. నేరుగా కొన్న భారతీయ కంపెనీల షేర్లకు సాధారణంగా ఈ బాధ లేదు.

ఆరో అడుగు: పింఛను, సోషల్ సెక్యూరిటీ మీద పన్ను ఎవరిది

రెండు దేశాల మధ్య 1989లో సంతకమై 1990 డిసెంబరులో అమలులోకి వచ్చిన ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందంలో 20వ ఆర్టికల్ విశ్రాంత ఉద్యోగుల పాలిట కీలకం. అమెరికా ప్రభుత్వం ఇచ్చే పింఛను అయిన సోషల్ సెక్యూరిటీ మీద పన్ను వేసే హక్కు దాన్ని చెల్లించే దేశానికే ఉంటుంది. కాబట్టి మీరు ఇక్కడ పూర్తి రెసిడెంట్ అయినా దానికి భారత పన్ను లేదు. రిటర్నులో ఒప్పందం ప్రకారం మినహాయింపుగా చూపితే చాలు. అమెరికాలో ఇతర ఆదాయాన్ని బట్టి దానిలో గరిష్ఠంగా 85 శాతం వరకు పన్ను లెక్కలోకి వస్తుంది. విదేశాల్లో ఉండే లబ్ధిదారులకు సోషల్ సెక్యూరిటీ శాఖ ఎప్పటికప్పుడు ఒక ప్రశ్నపత్రం పంపుతుంది, దాన్ని నింపి తిరిగి పంపకపోతే చెల్లింపులు ఆగిపోతాయి. కాబట్టి ఆ శాఖ వద్ద మీ తాజా చిరునామా ఉండాలి.

401(కె), ఐఆర్‌ఏ, కంపెనీ పింఛను సంగతి దీనికి భిన్నం. ఒప్పందం ప్రకారం క్రమం తప్పకుండా వచ్చే పింఛను మీద ముందు హక్కు నివసిస్తున్న దేశానిది, అంటే భారతదేశానిది. కానీ అదే ఒప్పందంలో తన పౌరులపై పన్ను వేసే హక్కును అమెరికా విడిగా అట్టిపెట్టుకుంది. ఫలితంగా రెండు చోట్లా రిటర్నులో చూపి, ఒకచోట కట్టినదాన్ని మరోచోట జమ చేసుకోవాలి. చివరికి రెండింటిలో ఎక్కువ రేటు ఎంతో దాదాపు అంత భారం పడుతుంది. భారతదేశంలో కొత్త పన్ను విధానంలో 24 లక్షలు దాటిన ఆదాయానికి 30 శాతం శ్లాబు మొదలవుతుంది, ఉమ్మడి రిటర్నుకు అమెరికా ఇచ్చే వెసులుబాటు ఇక్కడ లేదు. కనుక మధ్యతరగతి దంపతులకు సాధారణంగా భారత రేటే ఎక్కువ. ఒక్కసారిగా మొత్తం తీసేస్తే అది ‘పింఛను’ కిందికి వస్తుందా అన్న వివాదం కూడా ఉంది. ఏటా కొంత చొప్పున తీయడానికి ఇదొక కారణం.

ఖాతాలో తీయకుండా పెరుగుతున్న ఆదాయానికి మరో ప్రమాదం ఉండేది. అమెరికా తీసినప్పుడు పన్ను వేస్తే, భారతదేశం పుట్టిన ఏడాదే వేయవచ్చు, అప్పుడు జమ కుదరదు. దీన్ని సరిచేయడానికి 2021లో 89ఏ సెక్షన్ తెచ్చారు. అమెరికా, బ్రిటన్, కెనడాల్లోని పదవీ విరమణ ఖాతాలకు ఇది వర్తిస్తుంది. పూర్తి రెసిడెంట్ అయిన తొలి ఏడాదే, రిటర్ను గడువు లోపల ఫారం 10-ఈఈ దాఖలు చేస్తే, తీసినప్పుడే ఇక్కడా పన్ను పడుతుంది. ఒకసారి ఎంచుకున్నాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

క్యాలెండర్ల తేడాతో వచ్చే చిక్కుకు పరిష్కారం చిన్నదే. అమెరికా ఏడాది జనవరితో, మనది ఏప్రిల్‌తో మొదలవుతుంది. ఫిబ్రవరిలో తీసిన డబ్బు ఇక్కడ ముగియబోయే సంవత్సరంలో, అక్కడ అప్పుడే మొదలైన సంవత్సరంలో పడుతుంది. ఇక్కడ రిటర్ను వేసే నాటికి అక్కడి పన్ను ఎంతో తేలదు. ఖాతాల నుంచి తీసేదేదైనా ఏప్రిల్, డిసెంబరు మధ్య తీస్తే రెండు దేశాల లెక్కలూ పక్కపక్కన వస్తాయి. భారతదేశంలో విదేశీ పన్ను జమ కోరడానికి ఫారం 67, దానికి ఆధారాలు తప్పనిసరి.

ఏడో అడుగు: పూర్తి రెసిడెంట్ అయ్యాక

ఈ స్థితికి చేరిన ఏడాది నుంచి భారత రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. ఇది ఆర్థిక సంవత్సరానికి కాక క్యాలెండర్ సంవత్సరానికి అడుగుతుంది. పన్ను పడని ఆస్తి అయినా, సున్నా వడ్డీ ఖాతా అయినా చూపాలి. 2015 నాటి నల్లధన చట్టం కింద చూపని ఏడాదికి 10 లక్షల రూపాయల జరిమానా ఉంది. స్థిరాస్తి కాక మిగిలిన విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షల లోపు ఉంటే 2024 అక్టోబరు నుంచి ఈ జరిమానా వర్తించదు. కానీ అమెరికాలో పనిచేసి వచ్చినవారిలో ఆ పరిమితి లోపు ఉండేవారు అరుదు. 2015లోనే రెండు దేశాలూ ఖాతాల సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం చేసుకున్నాయి కాబట్టి దాచినా దాగదు.

రాష్ట్ర పన్ను, ఆరోగ్యం

టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో వ్యక్తిగత జీతం, పింఛన్ల మీద ఆదాయపు పన్ను లేదు కాబట్టి డాలస్ నుంచి వచ్చేవారికి ఈ బెడద లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ నుంచి వచ్చేవారు అక్కడి నివాసం నిజంగా ముగిసిందని చూపగలగాలి: డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు, ఖాళీగా ఉంచుకున్న ఇల్లు అన్నీ ప్రశ్నలవుతాయి. ఆ రాష్ట్రాలను వదిలేసినవారి పింఛను మీద అవి పన్ను వేయకుండా 1996 నాటి ఫెడరల్ చట్టం అడ్డుకుంటుంది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ సాధారణంగా అమెరికా వెలుపలి వైద్యానికి చెల్లించదు. అయినా దానిలో డాక్టర్ల ఖర్చుల భాగమైన పార్ట్ బి వదులుకుని తర్వాత మళ్లీ చేరితే, వదిలిన ప్రతి 12 నెలలకూ ప్రీమియం 10 శాతం చొప్పున శాశ్వతంగా పెరుగుతుంది. తిరిగి వెళ్లే అవకాశం ఏమాత్రం ఉన్నా ప్రీమియం కట్టడమే మంచిది.

గ్రీన్ కార్డుతో తిరిగివచ్చేవారు

వీరు భారత పౌరులే కనుక ఇక్కడ వీసా సమస్య లేదు, సమస్య అంతా అటువైపే. ఏడాదికి మించి బయట ఉంటే గ్రీన్ కార్డు ప్రవేశపత్రంగా చెల్లదు. బయలుదేరే ముందు, అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేసి తీసుకునే రీఎంట్రీ పర్మిట్ సాధారణంగా రెండేళ్లు చెల్లుతుంది. కార్డు గడువు తీరినంత మాత్రాన పన్ను బాధ్యత తీరదు. ఫారం ఐ-407తో అధికారికంగా వదులుకునే దాకా సాధారణంగా అమెరికా పన్ను రెసిడెంట్‌గానే ఉంటారు.

వదులుకునే ముందు ఒక లెక్క చూడాలి. చివరి 15 ఏళ్లలో కనీసం 8 ఏళ్లలో గ్రీన్ కార్డు ఉన్నవారికి నిష్క్రమణ పన్ను నిబంధనలు వర్తిస్తాయి. నికర ఆస్తి 20 లక్షల డాలర్లు దాటినా, గత ఐదేళ్ల పన్నులన్నీ సక్రమమని ధ్రువీకరించలేకపోయినా, ఆస్తులన్నీ ఆ ముందురోజే అమ్మినట్టు లెక్కిస్తారు. కాలిఫోర్నియాలో ఇల్లు, 401(కె) ఉన్న కుటుంబాలకు 20 లక్షలు పెద్ద మొత్తమేమీ కాదు. దంపతులిద్దరికీ విడివిడిగా ఈ పరిమితి ఉంటుంది కాబట్టి ఆస్తి ఎవరి పేరున ఎంత ఉందో ముందే చూసుకోవాలి.

వదులుకున్నాక సోషల్ సెక్యూరిటీ నుంచి 25.5 శాతం చెల్లింపు దగ్గరే కోసేస్తారు, భారతదేశంతో ఉన్న ఒప్పందం దాన్ని తగ్గించదు. 401(కె) మీద మాత్రం 20వ ఆర్టికల్ కింద మినహాయింపు కోరుతూ డబ్ల్యూ-8బెన్ అనే ఫారం ఇస్తే అమెరికా కోత ఉండదు, ఇక్కడే పన్ను. అన్నిటికంటే ముఖ్యం వారసత్వ పన్ను. అమెరికా పౌరసత్వం, అక్కడి శాశ్వత నివాసం లేనివారు అమెరికా కంపెనీల షేర్లు పట్టుకుని మరణిస్తే 60,000 డాలర్లకు మించిన విలువ మీద అక్కడ ఎస్టేట్ పన్ను పడుతుంది. దీనికి రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు. కార్డు వదిలిన ఏడాదే ఆ షేర్లను కదిలించడం తెలివైన పని.

గత ఏళ్ల లెక్కలు వదిలేసినవారు

ఎఫ్‌బార్ సంగతే తెలియక ఏళ్లు గడిపేసినవారికి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఒక మార్గం ఉంచింది. మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్లు ఒకేసారి దాఖలు చేసి, తప్పు ఉద్దేశపూర్వకం కాదని ధ్రువీకరించవచ్చు. ఆ మూడేళ్లలో ఒక ఏడాదైనా అమెరికాలో ఇల్లు లేకుండా 330 పూర్తి రోజులు బయట గడిపిన అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి జరిమానా ఉండదు, పన్నూ వడ్డీ మాత్రం కట్టాలి. ఐఆర్‌ఎస్ తానుగా విచారణ మొదలుపెట్టాక ఈ దారి మూసుకుపోతుంది. దీనికి వాడే ఫారం 14653లో ఏ ఖాతా ఎప్పుడు తెరిచారు, ఎందుకు చెప్పలేదు, ఎప్పుడు తెలిసింది అన్నది వాస్తవాలతో వివరంగా రాయాలి. ఎక్కడో దొరికిన నమూనాను నకలు చేసి పెడితే తిరస్కరణకు గురవుతుంది.